కొసరు

రేవులో పొగమంచు ఇంకా తాళ్ళు విప్పుకోలేదు.
పెనిషె ఊళ్ళో నేను తూనికల తనిఖీదారుని, వాల్దెమార్ అంటారు.
సంచిలో ఇత్తడి గుండ్లు, సీసపు ముద్ర, జరిమానా పుస్తకం.

ముప్పై ఒక్క ఏళ్ళు దొంగ తూకాలు పట్టాను:
పళ్ళెం అడుగున అంటించిన మైనం,
లోపల తొలిచేసిన గుండు,
మాటల్లో పెట్టి మెల్లగా ఆనించే చిటికెనవేలు.
అబద్ధం ఎప్పుడూ అమ్మేవాడి వైపే మొగ్గుతుందని
నా చేతులు కంఠతా పట్టేశాయి.

ఎర్మెలిందా త్రాసు మాత్రం అటు మొగ్గింది.
కిలో గుండు పెడితే
ముల్లు తొమ్మిది వందల అరవై దగ్గర ఆగింది.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.
అంటే కిలో కొన్న ప్రతివాడి బుట్టలోకీ
ఒక చిన్న సార్డీన్ చేప ఊరికే దూకుతోంది,
ఏ లెక్కలోనూ పేరు లేకుండా.

"పాడైందా?"
"పాడు చేశాను" అంది,
చేతుల మీది పొలుసు గోటితో గీక్కుంటూ.

చెప్పింది, నావైపు కాదు, ఐసు వైపు చూస్తూ.
మూడు పడవలు తిరిగిరాని ఏడాది. తనకి పంతొమ్మిది.
ఆ పడవల్లో పోయినవాడి పెళ్ళాం
నాణేలు రెండుసార్లు లెక్కపెట్టి కిలో అడిగింది.
నలభై గ్రాములు తగ్గించి తూచాను, అంది.
ఆవిడ చూసింది.
చూసి, పొట్లం అందుకుని, "మంచిదమ్మా" అని వెళ్ళిపోయింది.

"అంతే. పోలీసులు రాలేదు.
పాదిరికి కూడా చెప్పుకోలేదు,
చెబితే క్షమించేస్తాడని భయం."

నా శాఖ అప్పటికింకా ఈ రేవుకి దారి కనుక్కోలేదు.
చట్టం అడుగుపెట్టని చోట
ఆ నలభై గ్రాముల్ని తూచింది ఏ త్రాసు?
నెత్తురులో రాసుందంటారు కొందరు,
అమ్మ మొట్టికాయల్లో ఉందంటారు కొందరు.
నాకు తెలిసింది గుండ్లు.
నా గుండుని రాజధానిలో
గాజు గంట కింది గుండుతో సరిచూస్తారు,
దాన్ని ఇంకెక్కడో మరో దానితో.
ఆ చివరిదాన్ని దేనితో సరిచూస్తారో
నేనెప్పుడూ అడగలేదు.

అయినా నా నోరు ఊరుకోదు కదా.
"హోటలు వాడు రోజూ ముప్పై కిలోలు కొంటాడు.
వాడికి కిలో పైన ముట్టజెబుతున్నావు.
పావుకిలో కొనే ముసలామెకి పది గ్రాములు.
నీ పశ్చాత్తాపం కూడా
ఉన్నవాడికే ఎక్కువ తూచి పెడుతోంది."

కత్తి కిందపెట్టింది.
నలభై ఏళ్ళలో ఈ లెక్క ఎవరూ చెయ్యలేదు కాబోలు.
సముద్రకాకి ఒకటి వచ్చి తల ఒకటి ఎత్తుకుపోయింది,
తను తోలలేదు.

"కొసరు చేత్తో వెయ్యి" అన్నాను,
"ముల్లుకి జాలి నేర్పకు."

ముల్లు సరిచేశాను. సీసం నొక్కాను.
కొన్నవాడికి నష్టం అన్న గడిలో సున్నా,
త్రాసు తప్పు అన్న గడిలో అవును.
జరిమానా రాశాను. ఎక్కడ తగ్గించవచ్చో అక్కడ తగ్గించాను.
తను కట్టింది, నాణేలు రెండుసార్లు లెక్కపెట్టి.

శుక్రవారం సంచి లేకుండా వెళ్ళాను, కొనడానికి.
హోటలు వాడికి ముల్లు ఎంతంటే అంతే,
వాడు గొణుక్కుంటూ పోయాడు.
నా ముందు ఒక పిల్ల, గుప్పిట్లో చిల్లర.
పావుకిలో తూగాక ఎర్మెలిందా చెయ్యి ఆగింది,
ఒక చేప వేసింది,
ఇంకొకటి వేసింది,
మూడోది ఎత్తి, కాసేపు చూసి, మళ్ళీ ఐసులో పెట్టింది.
ఆ చేతికి ముద్ర వేసేంత సీసం
ఏ శాఖలోనూ పోతపోయరు.

నాకు సరిగ్గా అరకిలో.
ముల్లు వణకలేదు, తనూ తలెత్తలేదు.

ఇంటిదాకా ఆ పొట్లాన్ని
ఈ చేతిలోంచి ఆ చేతిలోకి
మార్చుకుంటూ నడిచాను.